డాలరుకీ బేరం ఉంది

పిల్లల దగ్గరికి అమెరికా, పనికోసం గల్ఫ్, చదువుకు ఇంకో ఖండం. కృష్ణా తీరంలో పాస్‌పోర్టు లేని వీధి కనబడటం కష్టం. విమానం టికెట్టు కోసం రాత్రంతా ఫోనులో వెతికే మనం, డబ్బు మార్చుకునేటప్పుడు మాత్రం చెప్పిన రేటుకు తల ఊపి వచ్చేస్తున్నాం. అలా తల ఊపినందుకు ఎంత పోతోంది? పోకుండా ఏం చెయ్యాలి?

మంగళగిరి బజారులో చీర బేరమాడే ఇల్లాలిని చూడండి. నిజాం అంచేనా, నూలు ఎన్నో నంబరు, జరీ ఏ రకం అని వరసగా అడుగుతుంది. మడత విప్పించి కొంగు తిరగేసి చూస్తుంది. పక్క కొట్లో ఎంత చెప్పారో గుర్తు చేస్తుంది. వంద రూపాయలు తగ్గేదాకా కదలదు. అదే ఇల్లాలు కూతురి పురుటికి డల్లాస్ బయల్దేరేటప్పుడు, ఆ చీర ఖరీదుకు ఎన్నో రెట్ల సొమ్ము కౌంటరు మీద పెట్టి డాలర్లు తీసుకుంటుంది. అక్కడ మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యదు. "ఇవాళ రేటు ఇదండీ" అని అవతలివారు అనగానే సంతకం పెట్టేస్తుంది.

ఆమె అమాయకత్వం కాదిది. రేటు అంటే ఎక్కడో ప్రభుత్వం నిర్ణయించి పంపేదని, అందరికీ ఒకటేనని మనలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మనకు కౌంటరు దగ్గర డాలరు కూడా సరుకే. దానికి కొనే ధర ఒకటి, అమ్మే ధర ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఉన్నదే మార్చేవారి లాభం. ఒకే వీధిలో రెండు చోట్ల రెండు ధరలు ఉంటాయి. అడిగితే తగ్గుతుంది కూడా. ఈ కథనంలో మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క మాట నుంచే పుట్టాయి.

బందరు రేవు నుంచి బందరు రోడ్డు దాకా

పరాయి డబ్బు మనకు కొత్త కాదు. రోమన్ల బంగారు నాణేలు వినుకొండ దగ్గర దొరికాయి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. డచ్చివారు అంతకు ముందే దిగారు. వాళ్లు తెచ్చింది వెండి. స్పెయిన్ రియళ్లను ఇక్కడి వరహాల్లోకి మార్చుకుంటేగానీ పేటల్లో అద్దకం బట్ట కొనడం కుదరదు. నాణెం బరువు తూచి, మేలిమి చూసి, తన వట్టం పట్టుకుని మార్చి ఇచ్చేది సరాఫు. పరదేశి వర్తకుడు అతని మాట కాదని ఒక్క మూట కూడా ఓడకెక్కించలేకపోయేవాడు. ఆనాడు గీటురాయి మన సరాఫు చేతిలో ఉండేది. ఇవాళ విజయవాడ బందరు రోడ్డు చుట్టుపక్కల డాలర్లు మార్చుకునే మనవాళ్లు నిలబడుతున్నది గీటురాయికి అవతలి పక్క. అదే రోడ్డు పట్టుకుని తూర్పుగా పోతే వచ్చేది ఆ బందరే, అంటే మచిలీపట్నమే.

స్వతంత్రం వచ్చాక చాలాకాలం డాలరు కంటికి కనిపించేది కాదు. 1960లు, 70లలో అమెరికా విమానం ఎక్కిన మన డాక్టర్ల, ఇంజనీర్ల తరం జేబులో 8 డాలర్లతో వెళ్లినట్టు ఇప్పటికీ చెప్పుకుంటుంది. రిజర్వు బ్యాంకు అనుమతించింది అంతే మరి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి ఆ ఎనిమిది డాలర్లతో దిగినవాళ్లు అప్పోసప్పో చేసి తొలి నెల గడిపారు. ప్రవాస వైద్యులు పూనుకుని పెట్టిన ఎన్నారై ఆసుపత్రి మంగళగిరి పక్కనే చినకాకానిలో ఉంది. చేతిలో చిల్లర లేకుండా వెళ్లిన తరం ఊరికి ఏం తెచ్చిందో ఆ దారిన పోతే కనిపిస్తుంది.

1991లో దేశం దగ్గర దిగుమతులకు రెండు మూడు వారాలకు సరిపడా విదేశీ మారకమే మిగిలింది. పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, జులై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించారు. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. అక్కడి నుంచి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 1973 నాటి విదేశీ మారక చట్టం ఫెరా పోయి, 2000 జూన్ 1 నుంచి దాని స్థానంలో ఫెమా అమల్లోకి వచ్చింది. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా, 2004 ఫిబ్రవరిలో మామూలు పౌరుడు కూడా ఏడాదికి 25,000 డాలర్లు విదేశాలకు పంపుకునే పథకం మొదలైంది. దాని పేరు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్, పొట్టిగా ఎల్‌ఆర్‌ఎస్. తర్వాతి గవర్నరు దువ్వూరి సుబ్బారావు ఏలూరులో పుట్టినవారు. 2013 ఆగస్టులో రూపాయి జారిపోతుంటే అప్పటికి 2 లక్షల డాలర్లకు పెరిగిన ఆ పరిమితిని 75,000కు కుదించాల్సి వచ్చింది ఆయన హయాంలోనే. ఇప్పుడది మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. ఎనిమిది డాలర్ల నాటి కొరత లేదు. డాలరు దొరుకుతుందా అన్న బెంగ పోయింది, ఎంతకు దొరుకుతుందన్న లెక్క మిగిలింది.

రేటులో దాగిన ఖర్చు

టీవీలో, గూగుల్‌లో కనిపించే డాలరు ధర బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాల్లో కొని అమ్ముకునే ధర. అది మనకు దొరకదు. అయినా దాన్ని తెలుసుకోవాలి. అవతలివారు ఎంత వేసుకుంటున్నారో కొలవడానికి మన దగ్గర ఉన్న గజంబద్ద అదే. ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రతి పనిదినం మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్సు రేటు కూడా ఇందుకు పనికొస్తుంది.

లెక్క చూద్దాం. మార్కెట్ ధర డాలరుకు 90 రూపాయలు అనుకుందాం. 2025 డిసెంబరులో రూపాయి తొలిసారి ఆ గీత దాటింది. మీకు 2,000 డాలర్లు కావాలి. మొదటి చోట "కమీషన్ అసలు లేదండీ" అంటూ 91 రూపాయల 50 పైసలు చెప్పారు. రెండో చోట 90 రూపాయల 80 పైసలు, పైన సర్వీసు ఛార్జీ 250 అన్నారు. కమీషన్ లేదన్న మాట వినగానే మనసు మొదటి చోటికే లాగుతుంది. కానీ అక్కడ అయ్యేది 1,83,000. రెండో చోట ఛార్జీ కలిపినా 1,81,850. తేడా 1,150 రూపాయలు. ఇదంతా వదిలేసి, విమానం ఎక్కే హడావుడిలో ఎయిర్‌పోర్టు కౌంటరులో 95 రూపాయలకు తీసుకున్నారనుకోండి, 1,90,000 అవుతుంది. అంటే రెండో చోటికన్నా 8,150 ఎక్కువ. అవే డాలర్లు, అవే నోట్లు.

అందుకే కౌంటరు దగ్గర అడగాల్సింది రేటు ఒక్కటే కాదు. "అన్నీ కలిపి నేను ఎన్ని రూపాయలు కట్టాలి? నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి?" ఈ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుని రెండు మూడు చోట్ల పోల్చితే ఎవరి లాభం ఎంతో తేలిపోతుంది. ఫోనులో అడిగినా చెబుతారు. ఒకచోట చెప్పిన ధర ఇంకోచోట చెప్పండి. తగ్గించే అధికారం కౌంటరులో ఉన్నవారికి కొంత ఉంటుంది. మొహమాటపడితే ఆ కొంత మనకు రాదు.

జీఎస్టీ గురించి భయపడనక్కర్లేదు. అది మొత్తం సొమ్ము మీద 18 శాతం కాదు. లక్ష రూపాయల దాకా మార్చుకుంటే, అందులో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కవేసి, దాని మీద 18 శాతం వేస్తారు. అంటే లక్షకు 180 రూపాయలు. చిన్న మొత్తాలకు కనీసం 45. లక్ష దాటిన భాగానికి సేవ విలువ అర శాతమే కాబట్టి, పై లెక్కలో 2,000 డాలర్లకు రెండు చోట్లా పడేది 255 రూపాయల లోపే. "జీఎస్టీ వల్ల రేటు ఎక్కువండీ" అని ఎవరైనా అంటే, బిల్లులో విడిగా చూపించమనండి.

ఎంత నగదు, ఎంత కార్డు

చాలా దేశాలకు ఒక్కో ప్రయాణంలో మనిషికి 3,000 డాలర్ల విలువైన నోట్ల దాకా ఇస్తారు. మిగతాది కార్డులోనో, బ్యాంకు ద్వారానో తీసుకెళ్లాలి. భార్యాభర్తలిద్దరూ వెళ్తే ఎవరి పరిమితి వారిదే. పాన్ కార్డు, పాస్‌పోర్టు, వీసా, టికెట్టు చూపించాలి. రూపాయల్లో 50,000 దాటితే నగదు తీసుకోరు. చెక్కుగానో, బ్యాంకు ఖాతా నుంచో కట్టాలి. మన రూపాయి నోట్లు వెంట తీసుకెళ్లడానికీ 25,000 దాకానే అనుమతి. తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగాక ఇంటికి కారు కట్టించుకోవడానికి ఆ మాత్రం ఉంచుకోవడం మంచిదే.

ఏడాది మొత్తంలో ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక మనిషి పంపినదీ, కొన్నదీ కలిపి 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ పేరుతో పన్ను ముందే పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ గీత 7 లక్షల దగ్గర ఉండేది. చదువుకూ, వైద్యానికీ పన్ను శాతం తక్కువ. బ్యాంకు విద్యారుణం నుంచి నేరుగా కట్టే ఫీజు మీద ఇప్పుడు పట్టుకోవడం లేదు. టూర్ ప్యాకేజీల లెక్క వేరు. ఈ శాతాలు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి డబ్బు పంపే రోజున బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. టీసీఎస్ పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమై ఉంటుంది. రిటర్ను వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వాపసు తీసుకోవచ్చు. కొడుకు ఫీజు తండ్రి ఖాతా నుంచి వెళ్తే ఆ జమ తండ్రి పాన్ మీద ఉంటుంది. ఆదాయం పెద్దగా లేదని రిటర్ను వేయకుండా ఊరుకునే రైతు తండ్రులు ఈ సొమ్మును వదులుకోవద్దు.

ఇక ఏది ఎంత? నగదు మీద పూర్తిగా ఆధారపడితే పోగొట్టుకునే భయం. కార్డు మీద పూర్తిగా ఆధారపడితే అది పనిచేయని రోజు ఆకలి. కాబట్టి మూడు చోట్ల ఉంచాలి. దిగిన వెంటనే టాక్సీకి, భోజనానికి, రెండు మూడు రోజుల అవసరానికి సరిపడా నోట్లు, అందులో చిన్న నోట్లు తప్పకుండా. రోజువారీ ఖర్చులకు, ముందే విదేశీ డబ్బు వేయించుకునే ఫారెక్స్ కార్డు. అత్యవసరానికి, హోటల్, అద్దె కారు డిపాజిట్లకు ఒక క్రెడిట్ కార్డు. ఇవన్నీ ఒకే పర్సులో పెట్టకూడదన్నది వేరే చెప్పాలా?

ఫారెక్స్ కార్డులో మేలు ఏమిటంటే, డబ్బు వేయించిన రోజు రేటే ఖాయమవుతుంది. తర్వాత రూపాయి జారినా మీకు పట్టదు. అయితే కొన్ని ఖర్చులు లోపల ఉంటాయి. డాలర్లు వేయించిన కార్డును లండన్‌లో గీకితే మళ్లీ పౌండ్లలోకి మార్చినందుకు అదనపు ఛార్జీ పడుతుంది. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ రుసుం ఉంటుంది, అక్కడి బ్యాంకు కూడా తన వంతు పట్టవచ్చు. కొద్దికొద్దిగా పదిసార్లు తీయడం కన్నా కావలసినంత ఒక్కసారి తీయడం నయం. తిరిగొచ్చాక మిగిలింది రూపాయల్లోకి మార్చినప్పుడు బ్యాంకు కొనే ధరే వస్తుంది. అవసరానికి మించి వేయించుకుంటే రెండుసార్లు నష్టం.

మామూలు క్రెడిట్ కార్డు వాడితే చాలా కార్డుల మీద 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ ఉంటుంది. దాని మీద జీఎస్టీ. 100 డాలర్ల వస్తువు 90 రూపాయల లెక్కన 9,000. మార్కప్ 3.5 శాతమైతే 315, జీఎస్టీ 56 రూపాయల 70 పైసలు. వెరసి 372 రూపాయలు ఊరికే పోయినట్టు. మార్కప్ లేని కార్డులూ కొన్ని ఉన్నాయి. బయల్దేరే నెల ముందు మీ బ్యాంకును అడగండి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు మాత్రం తీయకండి. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పనిచేయని కార్డు, అడగకూడని ప్రశ్న

విదేశంలో దిగి కార్డు గీకితే "డిక్లైన్డ్" అని వచ్చి కంగారుపడినవారు చాలామంది. ఖాతాలో డబ్బు ఉంటుంది, కార్డూ మంచిదే. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే డెబిట్, క్రెడిట్ కార్డులు దేశం లోపల ఏటీఎంలో, దుకాణంలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. విదేశీ వాడకాన్ని మనమే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి, పరిమితి మనమే పెట్టుకోవాలి. ఇంట్లో ఉండగా ఐదు నిమిషాల పని. అర్ధరాత్రి పరాయి ఎయిర్‌పోర్టులో చేయాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీకి మన సిమ్ పనిచేయాలి, సిమ్‌కు రోమింగ్ వేయించి ఉండాలి. ఈ మూడూ ఒకదానికొకటి గొలుసు. ఎక్కడ తెగినా కార్డు ప్లాస్టిక్ ముక్కే.

మరో సంగతి ఇంకా ముఖ్యం. దుబాయ్‌లోనో, బ్యాంకాక్‌లోనో, ప్యారిస్‌లోనో కార్డు పెట్టగానే మెషీను ఒక ప్రశ్న అడుగుతుంది: రూపాయల్లో కడతారా, అక్కడి కరెన్సీలో కడతారా? రూపాయలు అని చూడగానే ప్రాణం లేచి వస్తుంది. ఎంతవుతుందో కచ్చితంగా కనిపిస్తోంది కదా అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. రూపాయలు అని నొక్కితే మార్పిడి చేసేది మీ బ్యాంకు కాదు, ఆ దుకాణం తరఫు సంస్థ. రేటు వాళ్లది, లాభం వాళ్లది. పైగా కొన్ని బ్యాంకులు తమ ఛార్జీ కూడా వేస్తాయి. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. దిర్హాంల దేశంలో దిర్హాం, యూరోల దేశంలో యూరో. ఏటీఎం అడిగినా ఇదే జవాబు. దుకాణంవారు మీ తరఫున తామే నొక్కేస్తుంటే ఆపి, రద్దు చేయించి మళ్లీ చేయించుకోండి. ఈ ఒక్క మీట గుర్తుంటే ప్రయాణం మొత్తంలో మిగిలేది తక్కువేమీ కాదు.

యూపీఐ కూడా సరిహద్దు దాటింది. 2021లో భూటాన్‌తో మొదలై, 2024 ఫిబ్రవరిలో ప్యారిస్ ఈఫిల్ టవర్ దగ్గరికి, శ్రీలంక, మారిషస్‌లకు చేరింది. సింగపూర్‌లో ఉన్న బిడ్డకూ ఇక్కడి ఖాతాకూ మధ్య డబ్బు పంపుకునేలా 2023 ఫిబ్రవరిలో అక్కడి పేనౌ, మన యూపీఐ కలిశాయి. కానీ ప్రతి దుకాణంలో పనిచేస్తుందని నమ్మి చేతులూపుకుంటూ వెళ్లే రోజు ఇంకా రాలేదు. ఉంటే మంచిదే అనుకోవాలి, అంతే.

అమ్మానాన్నల అమెరికా

మన ప్రాంతం నుంచి విదేశానికి వెళ్లే పెద్దవారిలో ఎక్కువమంది వినోదానికి వెళ్లరు. కోడలి పురుడు, మనవడి బారసాల, మనవరాలి తొలి పుట్టినరోజు. ఆరు నెలలు ఆ ఇంటికి ఊతంగా నిలబడి వస్తారు. "అక్కడ మీకు డబ్బుతో పనేముంది నాన్నా, అన్నీ నేను చూసుకుంటా" అని కొడుకు ప్రేమగా అంటాడు. తండ్రి సరేనంటాడు. నెల తిరిగేసరికి, టీ పొడి కావాలన్నా, మోకాలి నొప్పికి మందు కావాలన్నా, మనవడికి ఒక బొమ్మ కొనాలన్నా, ఆఫీసు నుంచి కొడుకు వచ్చేదాకా కూర్చోవాలి. నలభై ఏళ్లు సంసారం నడిపిన మనిషికి అది ఎంత ఇబ్బందో పైకి చెప్పుకోరు.

కాబట్టి పెద్దవాళ్లు తమ పేరు మీద, తమ డబ్బుతో, తాము వాడగల కార్డు ఒకటి తీసుకునే వెళ్లాలి. మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు. పిన్ నంబరు వాళ్లకే తెలియాలి. బయల్దేరే ముందు విజయవాడలో ఏ దుకాణంలోనైనా తమ డెబిట్ కార్డును తామే గీకి, పిన్ తామే నొక్కి ఒకటి రెండు సార్లు అలవాటు చేసుకుంటే అక్కడ చెయ్యి వణకదు. ఇది పొదుపు సంగతి కాదు, మర్యాద సంగతి.

అక్కడి కొన్ని పద్ధతులు ముందే తెలియాలి. అమెరికాలో వస్తువు మీద రాసి ఉన్న ధర చివరి ధర కాదు. అమ్మకం పన్ను బిల్లు దగ్గర కలుస్తుంది. టెక్సాస్‌లో రాష్ట్రం పన్ను 6.25 శాతం, స్థానికం కలిపి 8.25 దాకా వెళ్తుంది. ఒరెగాన్‌లో అమ్మకం పన్నే లేదు. కూర్చుని తినే హోటల్లో వడ్డించినవారికి బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడ మామూలు. పెట్రోలు బంకులో యంత్రం జిప్ కోడ్ అడిగితే మన కార్డు చాలాసార్లు తిరస్కరిస్తుంది. లోపలికి వెళ్లి క్యాషియరు దగ్గర కట్టాలి.

ఇక ప్రతిదాన్నీ 90తో హెచ్చవేసే అలవాటు. కాఫీ 5 డాలర్లంటే 450 రూపాయలా అని గుండెలు బాదుకుని, తాగకుండా వెనక్కి తిరిగే అమ్మలు ఉన్నారు. ఆ లెక్క ఇంటికి తెచ్చుకునే వస్తువుకు వెయ్యండి. సెల్‌ఫోను, చేతిగడియారం, సూట్‌కేసు మన దగ్గర ఎంతో, అక్కడ ఎంతో పోల్చి చూడటం తెలివైన పని. మందులకు, బస్సు టికెట్టుకు, దాహానికి మాత్రం ఆ లెక్క వద్దు. ఆ ఊరి సంపాదనను బట్టి పెట్టిన ఆ ఊరి ధరలు అవి. వైద్యం విషయంలో మరీ. అక్కడ ఆసుపత్రి బిల్లు ఇక్కడి ఊహకు అందదు. ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కవద్దు. ముందు నుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకు ఆ పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో కొనేముందే చదివించుకోండి.

"అక్కడ డాలర్లు, ఇక్కడ రూపాయలు"

మన ఊళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "మా అబ్బాయి అక్కడ మీ వాడికి డాలర్లు ఇచ్చేస్తాడు, మీరు ఇక్కడ మాకు రూపాయలు ఇచ్చెయ్యండి. బ్యాంకు ఛార్జీలెందుకు?" ఇరుగుపొరుగు సాయంలా వినిపిస్తుంది. రేటు కూడా మధ్యస్థంగా కుదురుతుంది. కానీ బ్యాంకు దారి తప్పించి ఇలా సర్దుకోవడాన్ని ఫెమా చట్టం మూడో సెక్షను ఒప్పుకోదు. పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. అంతకన్నా పెద్ద ముప్పు మరోటి. చేతులు మారిన ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. రేపు ఎవరైనా విచారించినప్పుడు చూపడానికి కాగితం ఉండదు. అబ్బాయి వీసా, అమ్మాయి ఉద్యోగం ముడిపడి ఉన్నచోట వెయ్యి రూపాయల ఆదా కోసం ఇంత ప్రమాదం కొనుక్కోవద్దు.

రిజర్వు బ్యాంకు లైసెన్సున్న మనీ ఛేంజరు దగ్గరే మార్చుకోండి. లైసెన్సు ఉన్నవారి జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంటుంది. రసీదు తప్పకుండా తీసుకోండి. ఫోనులో వచ్చే "ఫారెక్స్ ట్రేడింగ్‌లో నెలకు రెట్టింపు" ప్రకటనలకూ ప్రయాణానికీ ఏ సంబంధం లేదు. అలాంటి అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు హెచ్చరిక జాబితా పెట్టింది.

ఫీజులు పంపే తల్లిదండ్రులకు ఒక మాట. బ్యాంకు నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లే డబ్బులో మధ్య బ్యాంకులు కొంత కోత పెట్టవచ్చు. ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతి ఎంచుకుంటే ఫీజు పూర్తిగా చేరుతుంది. లేకపోతే పది ఇరవై డాలర్ల లోటుతో సీటు దగ్గర చిక్కు వస్తుంది.

దేశం మారితే లెక్క మారుతుంది

గన్నవరం నుంచి షార్జాకు 2022 అక్టోబరు 31న నేరుగా విమానం మొదలైంది. యూఏఈ దిర్హాం డాలరుకు ముడిపెట్టి ఉంటుంది. డాలరుకు 3.6725 దిర్హాంలు, అది మారదు. డాలరు 90 రూపాయలైతే దిర్హాం 24 రూపాయల 50 పైసలకు కాస్త అటూఇటూ. ఎవరైనా 26 చెబితే ఎంత వేసుకుంటున్నారో అక్కడికక్కడే తెలిసిపోతుంది. దిర్హాంలు మన దగ్గరే దొరుకుతాయి. రూపాయల్ని డాలర్లు చేసి, డాలర్లను అక్కడ దిర్హాంలు చేస్తే రెండుసార్లు తరుగు.

వియత్నాం, ఇండోనేషియాల సంగతి వేరు. ఆ కరెన్సీలు ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా ప్రియం. డాలర్లు పట్టుకెళ్లి అక్కడ మార్చుకోవడమే మేలు. నోట్లు కొత్తవిగా, మడతలూ రాతలూ లేకుండా ఉండాలి. థాయ్‌లాండ్ లాంటి చోట్ల 100 డాలర్ల నోటుకు చిన్న నోటుకన్నా మంచి రేటు ఇస్తారు. వియత్నాంలో సున్నాలు చూసి తికమకపడతాం. 20,000 డాంగ్ నోటూ, 5,00,000 డాంగ్ నోటూ రెండూ నీలిరంగే. చీకట్లో టాక్సీవాడి చేతిలో పెట్టేముందు సున్నాలు లెక్కపెట్టాలి. పశుపతినాథుడి దర్శనానికి నేపాల్ వెళ్లేవారికి లెక్క తేలిక. మన 1 రూపాయికి అక్కడ 1.60. భూటాన్‌లో సరికి సరి.

తిరిగొచ్చాక

మిగిలిన డాలర్లు బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టే అలవాటు మనకుంది. తిరిగొచ్చిన 180 రోజుల్లోపు మిగులును బ్యాంకుకో, మనీ ఛేంజరుకో ఇచ్చేయాలన్నది నిబంధన. తర్వాతి ప్రయాణానికని 2,000 డాలర్ల దాకా నోట్లు ఉంచుకోవచ్చు. నాణేలకు పరిమితి లేదు, కానీ ఇక్కడ వాటిని మార్చేవారూ ఉండరు. విమానం ఎక్కకముందే ఖర్చుపెట్టెయ్యండి. తెచ్చే నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లు, ఇతర రూపాలు అన్నీ కలిపి 10,000 దాటినా, దిగగానే కస్టమ్స్ దగ్గర ఫారం నింపి ప్రకటించాలి. దానికి పన్ను లేదు. చెప్పకపోతేనే తప్పు.

బయల్దేరే ముందు

• రెండు వారాల ముందే కనీసం మూడు చోట్ల మొత్తం అంకెలు రాయించుకుని పోల్చండి. ఎయిర్‌పోర్టుకు వదిలెయ్యొద్దు.

• రూపాయి రేపు పెరుగుతుందో, జారుతుందో పందెం కాయొద్దు. పెద్ద మొత్తమైతే రెండు మూడు విడతల్లో కొనండి.

• కార్డుల్లో విదేశీ వాడకం తెరిచి, పరిమితి పెట్టి, సిమ్‌కు రోమింగ్ వేయించండి.

• కార్డు పోతే ఫోను చేయాల్సిన నంబర్లు ఒక కాగితం మీద, కార్డులకు దూరంగా రాసుకోండి.

• మార్పిడి రసీదులు తిరిగొచ్చేదాకా దాచండి. మిగిలినవి అమ్మేటప్పుడు అవసరం.

• మెషీను అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీ.

ఇవన్నీ ప్రయాణికులు చేయవలసినవి. అవతలివారి బాధ్యత కూడా ఒకటుంది. మనీ ఛేంజర్లు కొనే ధర, అమ్మే ధర రెండూ కౌంటరు దగ్గర అందరికీ కనిపించేలా పట్టిక పెట్టాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ పట్టిక తెలుగులో ఉండాలి. "అన్నీ కలిపి మీరు కట్టేది ఇంత, మీకు వచ్చేది ఇంత" అన్న రెండు వరుసలు సంతకానికి ముందే, తెలుగులోనే, పెద్దక్షరాల్లో కాగితం మీద ఇవ్వాలి. ఇంగ్లీషు ఫారం చదవలేని నేత కార్మికుడి కొడుకు కూడా ఇవాళ గల్ఫ్ వెళ్తున్నాడు. పొలం అమ్మి కూతురిని పై చదువుకు పంపే తండ్రి కూడా అదే కౌంటరు ముందు నిలబడుతున్నాడు. వాళ్లకు దయ అక్కర్లేదు, ధర చెబితే చాలు. అంతదాకా మనమే నోరు తెరిచి అడగాలి. అడిగేవాళ్లు పెరిగితే రాసిపెట్టక తప్పదు.